స్ప్రింగుకి కట్టిన పసుపు దారం

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నదేమిటో చెబితే మీరు నవ్వుతారు. జానెడు దారం. పూజలో వాడే పసుపు దారం, ఒక కొస కాలి నల్లబడింది. ఒక పాత అగ్గిపెట్టెలో పెట్టి, సొరుగులో దాచాను. ఇల్లు మారినప్పుడల్లా అన్నిటికన్నా ముందు దాన్నే సర్దుకుంటాను. పారేయడానికి చెయ్యి రాదు, తీసి చూడటానికి మనసు రాదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. టీ బాగుందనో, ఈసారి ఎండలు ముదిరాయనో ఏదో ఒకటి అనేసి మళ్ళీ మూసుకున్నాను.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి తలకిందులవుతాయని లోకమంతా భయపడుతున్న రోజులు. ఆ భయమే నన్ను సిడ్నీకి తెచ్చింది. చదివింది మెకానికల్ ఇంజినీరింగు. చేసేది పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడం. సిడ్నీ శివారు గిరావీన్‌లో నారాయణ అంకుల్ ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి.

అంకుల్‌ది ఫిజీ. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన కుటుంబం. అక్కడ గొడవలయ్యాక భార్యనీ కొడుకు రవినీ తీసుకుని ఇక్కడికి వచ్చేశారు. అక్కడా ఇక్కడా కలిపి ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. ఏ బండికీ ఒక్క గీత పడనివ్వలేదని చెప్పుకునేవారు. "నా కాలికి కళ్ళున్నాయి బేటా" అంటూ కుడి తొడ చరుచుకునేవారు. మనుషులకి ఆస్తులుంటాయి, పదవులుంటాయి. ఆయనకి ఆ కాలుండేది.

రిటైరయ్యాక ఆయన ఒక పాత కారు కొనుక్కున్నారు. డెబ్భైల నాటిది, పొడుగాటి ముక్కు, నారింజ రంగు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజిను. ప్రతి శనివారం ఇద్దరం దాని ముందు చేరేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఆ శనివారాలు నిజంగా జరిగాయా, నేను కలగన్నానా అనిపిస్తుంది. షెడ్డు రేకుల సందుల్లోంచి ఎండ సన్నగా పడేది. పెట్రోలు వాసన, ఆంటీ తెచ్చిన అల్లం టీ వాసన కలిసిపోయేవి. ఇంజిను స్టార్టు చేసి వదిలేస్తే, ఆ గురగురలో ఇద్దరం మాట్లాడకుండా ఎంతసేపైనా కూర్చునేవాళ్ళం. జీవితంలో అంత నెమ్మదిగా మళ్ళీ ఎప్పుడైనా కూర్చున్నానా? లేదనుకుంటాను.

ఆ కారులో ఒక లోపం ఉండేది. పెడల్ పూర్తిగా తొక్కినా ఇంజిను పూర్తి బలం చూపేది కాదు. పెడల్‌నీ కార్బ్యురేటర్‌నీ కలిపే కడ్డీ కాస్త పొడుగైంది. దాని కొసనున్న మరని తిప్పి పొట్టి చేయాలి, అంతే. అంకుల్‌కి దగ్గరి చూపు మసకబారింది. "నువ్వు ఇంజినీరువి గదా, నువ్వే చెయ్యి" అన్నారు. ఈ దేశంలో నన్నెవరూ అలా పిలవలేదు. ఆ ఒక్క మాటకి నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. నా పాపానికి విత్తనం ఆ పొంగులోనే పడిందేమో.

దసరాకి ఆయుధ పూజ. ఇక్కడ పండగలు శనివారం కోసం ఆగుతాయి కదా, ఆ పూజ కూడా ఆగింది. పండగనైతే శనివారానికి జరపగలిగాం గానీ, దుర్ముహూర్తాన్ని జరపడం ఎవరి తరం? ఆంటీ పళ్ళెంలో కుంకుమ, పువ్వులు, నిమ్మకాయలు, పసుపు దారం ఉండ అన్నీ సర్ది కారు పక్కనే పెట్టి, గడియారం చూస్తూ తిరుగుతున్నారు. నేను బానెట్ ఎత్తి చివరి సర్దుబాటు చేస్తున్నాను. కడ్డీని రెండు చుట్లు పొట్టి చేశాను. అందుకోసం ఒక స్ప్రింగు ఊడదీయాల్సి వచ్చింది. పెడల్ మీంచి కాలు తీయగానే కార్బ్యురేటర్‌ని వెనక్కి లాగి ఇంజినుని శాంతింపజేసే స్ప్రింగు అది. దాన్ని పట్టి ఉంచే చిన్న పిన్ను నా వేళ్ళలోంచి జారి కింద పడింది.

కింద జకరండా పువ్వులు. చెట్టు అప్పుడే పూతకొచ్చింది, డ్రైవ్‌వే అంతా ఊదారంగు. మోకాళ్ళ మీద కూర్చుని పువ్వుల్ని అటూ ఇటూ తోస్తూ వెతికాను. దొరకలేదు. ఆంటీ తొందరపెడుతున్నారు. చేతికందేంత దూరంలో పసుపు దారం ఉండ ఉంది. ఏడు పేటలు కలిపి, పిన్ను ఉండాల్సిన చోట స్ప్రింగుని కట్టేశాను. సోమవారం కొత్త పిన్ను తెచ్చి పెడదాంలే అనుకున్నాను. ఇంజిను ఆపి ఉండగా మూడుసార్లు పెడల్ తొక్కి వదిలాను. స్ప్రింగు బుద్ధిగా వెనక్కి లాగింది. బానెట్ మూసేశాను.

ఇంజిను వేడెక్కితే నూలు దారం కాలుతుందని నాకు తెలియదా? తెలుసు. ఆఫీసులో పరీక్షించకుండా ఒక్క అక్షరం మార్చినా ఊరుకోని మనిషిని, అక్కడెందుకు ఊరుకున్నాను? పిన్ను పోయిందంటే ఆ రోజు అంకుల్ కారు తీయరు, అందరూ ఉసూరుమంటారు, అందరి ముందూ నేను పిన్ను పారేసుకున్నవాణ్ణవుతాను, పొద్దున్నుంచీ ఆయన నోట ముద్దుగా వింటున్న 'ఇంజినీరు' అనే మాట చిన్నబోతుంది. ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం దొరికితే బాగుండునని చాలా ఏళ్ళు వెతికాను.

నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు చిట్లాయి. అంకుల్ ఒక్కరే ఒక చుట్టు తిరిగొస్తానని వెళ్ళారు. మేం హారతి పళ్ళెంతో రోడ్డు పక్కన నిలబడ్డాం. చాలాసేపటికి వీధి మలుపులో నారింజ రంగు కనిపించింది. చాలా అందంగా ఉంది. ఆ తర్వాత, అది ఆగడం లేదని అర్థమైంది. ఇంజిను అరుస్తుండగా మా ముందు నుంచి దూసుకెళ్ళింది. వీధి చివర ఇద్దరు పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. అంకుల్ స్టీరింగు పక్కకి తిప్పి, ఒక ఇంటి ఇటుక గోడకి గుద్దేశారు.

కుడి మణికట్టు విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. అంబులెన్సు వెళ్ళాక, మంటలు రాకుండా బ్యాటరీ తీగ తీసేస్తానని చెప్పి వంకరపోయిన బానెట్ కింద చెయ్యి పెట్టాను. తీగ తీశాను. స్ప్రింగు ఊడి వేలాడుతోంది; ఇంజిను పూర్తి బలంతో అలా ఇరుక్కుపోతే దాన్ని ఆపడం బ్రేకు తరం కాదు. కాలి తెగిపోయిన దారం కూడా తీసి జేబులో వేసుకున్నాను. అది తొందరపాటు కాదు, పొరపాటూ కాదు. కావాలని చేసింది. పర్మనెంట్ వీసా కాగితాలు అప్పుడే వేసి ఉన్నాను. పోలీసులు అడిగితే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. వయసు మీద పడింది, బ్రేకనుకుని పక్క పెడల్ తొక్కి ఉంటారని అంతా తేల్చేశారు. రవి అయితే ఆస్పత్రిలోనే అన్నాడు: "డాడ్, యూ హిట్ ద రాంగ్ పెడల్. ఇట్ హ్యాపెన్స్."

రెండు వారాల తర్వాత అంకుల్ వరండాలో కట్టుతో కూర్చుని నన్ను పిలిచారు.

"బేటా, నిజం చెప్పు. నాను బ్రేకే తొక్కినాను. రవి ఇనడు. నువ్వు ఇంజినీరువి. బండిలో ఏటైనా తప్పుందా?"

ఆ ప్రశ్న కోసమే ఆయన రెండు వారాలు ఎదురుచూశారని ఆ కళ్ళు చెబుతున్నాయి.

"బండిలో ఏం లేదంకుల్. నేనే చూశాను కదా."

"అయితే నా కాలేనా?"

"కంగారులో అటూ ఇటూ అయ్యుంటుంది అంకుల్."

ఆయన కుడి కాలి వైపు చాలాసేపు చూసుకున్నారు. "పోనీలే, పిల్లలకి తగల్లేదు" అన్నారు. ఆ వారమే లైసెన్సు రవి చేతిలో పెట్టేశారు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. ఆఫీసులో కేకు కోసి, మా జట్టు ఒక్క తప్పు కూడా జరగనివ్వలేదని పొగిడారు. నేనూ చప్పట్లు కొట్టాను.

అంకుల్ తర్వాత మెట్లు దిగేటప్పుడు కూడా ఆంటీ భుజం పట్టుకునేవారు. కాలికి నొప్పేం లేదు, నమ్మకం లేదు. ఒకసారి ఇద్దరం బస్సులో వెళ్ళాం. డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నారు. స్టాపు దగ్గర పడగానే ఆయన కుడి కాలు దానంతటదే నేలని నొక్కింది. వెంటనే సిగ్గుపడి వెనక్కి తీసుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కొన్నేళ్ళకి ఆయన పోయారు. అంత్యక్రియల్లో రవి మాట్లాడుతూ, నాన్న ముప్పై ఏళ్ళకు పైగా బండి నడిపాడు, చేసింది ఒకే ఒక్క తప్పు అన్నాడు. జనం కన్నీళ్ళ మధ్యే చిన్నగా నవ్వారు. నేను మూడో వరసలో ఉన్నాను. లేచి నిలబడటానికి ఎంతసేపు పడుతుంది? లేవలేదు.

ఆంటీ ఇప్పుడు రవి దగ్గర, వేరే ఊళ్ళో, టార్నీట్‌లో ఉంటున్నారు. ఒక ఉత్తరం రాయొచ్చు కదా అంటారు మీరు. రాశాను, చింపాను. మళ్ళీ రాశాను. ఆమె క్షమిస్తే నేను తట్టుకోలేను, క్షమించకపోయినా తట్టుకోలేను. పిరికివాడి లెక్కలు ఇలాగే ఉంటాయి.

ఇంకొక్కటి మిగిలింది. ఇందాక దాటేశాను.

కారు మా ముందు నుంచి దూసుకెళ్ళినప్పుడు ఆంటీ కళ్ళు మూసుకున్నారు, రవి ఆమెని పట్టుకున్నాడు, మిగతావాళ్ళు పిల్లల వైపు అరుస్తూ పరిగెత్తారు. నేను కదల్లేదు. కారు వెనక భాగాన్నే చూస్తూ నిలబడ్డాను. రెండు ఎర్ర లైట్లూ వెలుగుతున్నాయి. వాటి బల్బులు ముందు వారం నేనే మార్చాను. గోడకి తగిలేదాకా అవి ఒక్క క్షణం కూడా ఆరలేదు.

ఈ మాట ఇప్పటిదాకా నా ఒక్కడికే తెలుసు. చెప్పాను గనక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి మిమ్మల్నేమీ అడగను. ఇప్పుడు మీకూ తెలుసు. నారాయణ అంకుల్ కాలు బ్రేకు మీదే ఉంది.