పడుకోబెట్టిన సీసా

ఆమెకు చిన్నప్పుడే ముక్కుపిల్ల అని పేరు పడింది. ముక్కు పెద్దదని కాదు, చురుకైనదని. వాన రాబోతోందని ఇంట్లో అందరికంటే ముందు ఆమే చెప్పేది. పక్కింట్లో పాలు మాడితే, ఆ ఇంటావిడకంటే ముందు ఈ పిల్ల లేచి కూర్చునేది. తల్లిదండ్రులు పోయాక బాబాయి, పిన్ని ఆమెను తెచ్చుకుని పెంచారు. వాళ్లకు పిల్లలు లేరు. పెంచారంటే ఏదో ఇంత తిండి పెట్టి బట్ట ఇచ్చారని కాదు. బాబాయి ఆమెతోపాటు ఆ ముక్కును కూడా పెంచాడు.

సెలవురోజున ఆయనే నిమ్మరసం కలిపి గ్లాసు ఆమె చేతికిచ్చేవాడు. అందులో ఏదో ఒకటి కావాలని మానేసేవాడు. ఒకసారి ఉప్పు, ఒకసారి చక్కెర, మరోసారి నిమ్మతొక్క తురుము. ఏది మానేశాడో చెప్పేవాడు కాదు. "తాగి చెప్పు" అనేవాడు, అంతే. ఆమె ఒక్క గుక్క తాగి, కళ్లు మూసుకుని, "బాబాయ్, తొక్క వెయ్యలేదు నువ్వు" అనేది. ఆయన మొహం చాటంత అయ్యేది.

"బాగుంది ఆట. పిచ్చిపిల్ల ఈ ఇంట్లో ఒక్కరోజైనా సరైన నిమ్మరసం తాగిందా?" అని పిన్ని విసుక్కునేది.

పిన్నికి విసుక్కోవడానికి అంతకంటే పెద్ద కారణమే ఉంది. బాబాయి పోర్ట్ వైన్ కంపెనీలో వైన్లు కలిపే పని చేసేవాడు. పులుస్తున్న ద్రాక్షరసంలో మధ్యలోనే ఘాటైన సారా పోసి పులియడాన్ని ఆపేస్తారు. తీపి తీపిగానే ఉండిపోతుంది, ఘాటు పెరుగుతుంది. అదే పోర్ట్. దాన్ని రుచి చూసి కలిపేవాడి ముక్కుకి ఏ వాసనా అడ్డం రాకూడదు. అందుకని ఆ ఇంట్లో వాసన సబ్బు లేదు, సెంటు లేదు, తలకు రాసుకునే నూనెకూ వాసన ఉండకూడదు. "పూలకొట్టు ముందు ఆగి వాసన చూసుకుని వచ్చే ఆడదాన్ని ఈ వీధిలో నేనొక్కదాన్నే" అనేది పిన్ని. నవ్వుతూనే అనేది, కానీ కొంచెం నిజంగానే అనేది.

ముక్కుపిల్ల చదువు ఒక కొలిక్కి రాగానే ఆ కంపెనీలోనే చేరింది. మొదట్లో సీసాలు కడగడం, లేబుళ్లు అతికించడం. చేతులు ఎప్పుడూ తడిగా, జిగటగా ఉండేవి. ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. కింది పని బాగా చేసినవాళ్లను మేనేజరు పిలిచి, ఏ రకం పోర్ట్ నేర్చుకుంటావని అడుగుతాడు. ఒక్కటే ఎంచుకోవాలి. ఎంచుకున్నాక మళ్లీ రెండో మాట లేదు, జన్మంతా దానితోనే కాపురం.

ఎంచుకోవలసింది మూడింటిలో. రూబీ కుర్రది. ఎర్రగా, పండు రుచితో ఉంటుంది, తొందరగా అమ్ముడుపోతుంది. టానీ చిన్నచిన్న చెక్కపీపాల్లో ఏళ్లతరబడి ఉంటుంది. చెక్కలోంచి గాలి కొంచెం కొంచెం తగిలి ఎరుపు పోయి తేనెరంగుకొస్తుంది. ఒక్కో పీపా ఒక్కో రకంగా ముదురుతుంది కాబట్టి, ఏది ఎంత కలిపితే ఏటేటా అదే రుచి వస్తుందో చూసుకోవాలి. అది బాబాయి పని. మూడోది వింటేజ్. బాగా పండిన ఏడాది ద్రాక్షతోనే చేస్తారు. కొద్దికాలం పీపాలో ఉంచి సీసాలో పోసి, పొడుగాటి బిరడా బిగించి, చీకటిగదిలో పడుకోబెడతారు. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలని అలా పడుకోబెడతారు. అక్కడ అది ఇరవై ఏళ్లో ముప్ఫై ఏళ్లో నిద్రపోతుంది, లేచేసరికి దాని విలువ వేరు.

బాబాయికి మనసులో ఉంది, పిల్ల టానీ అంటే బాగుండునని. నోరు తెరిచి అడగలేదు. "నేనడిగితే కాదనలేదు. పెంచిన రుణం అనుకుంటుంది. నాకలా వద్దు" అన్నాడట పిన్నితో. పెద్ద పౌరుషం! అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈయన బాబాయి అయ్యుండి అడగలేదు.

ముక్కుపిల్ల వింటేజ్ అంది.

ఎందుకంటే ఎదుటి భవనంలో ఆ వింటేజ్ గదిని ఆమె అద్దంలోంచి చూసింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న మనుషులు, కొవ్వొత్తి వెలుగులో సీసా మెడ చూసుకుంటూ అడుగున మడ్డి కదలకుండా వంపడం, కోటు వేసుకున్న అతిథులు గుడిలో నిలబడ్డట్టు నిశ్శబ్దంగా నిలబడటం. మరి టానీ? అది బాబాయి చొక్కా వాసన. పొద్దున లేస్తే ఇంట్లో ఉండేది, రాత్రి భోజనాల దగ్గర ఉండేది. పెరటిచెట్టు మందుకు పనికిరాదు కదా. ఆ వయసులో ఎవరికైనా ఎదుటి భవనమే కనిపిస్తుంది, ఆమెను తప్పుపట్టి లాభం లేదు. తరవాత తనని తనే తప్పుపట్టుకుంది, అది చాలు.

కొత్తగదిలో చేరే ముందురోజు బాబాయి ఒక సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. లేబులు లేదు. పైన పొట్టి బిరడా, దానికి చెక్కటోపీ. చేత్తో లాగితే వచ్చేది. తేనెరంగు టానీ, తన చేత్తో కలిపినది.

"తాగి చెప్పు" అన్నాడు.

టానీ వద్దన్నా బాబాయికి కోపం రాలేదు, పైగా కానుక ఇచ్చాడు. ఇంత అపురూపమైనది ఏదో ఒక మామూలు రోజున తాగేయడమా? పనిలో చేరాక వేరుగా తీసుకున్న అద్దెఇంటికి తీసుకెళ్లి, మర్నాడు కొత్తగదిలో మొట్టమొదట నేర్చుకున్న పాఠం ప్రకారం, బీరువా అడుగున చీకట్లో మెత్తటిగుడ్డ పరిచి ఆ సీసాను పడుకోబెట్టింది. పెళ్లిరోజున తీద్దామనుకుంది. పెళ్లిరోజున ఇంటినిండా జనం, తీయలేదు. కూతురు పుట్టినప్పుడు అనుకుంది, అప్పుడు ఒళ్లు బాగాలేదు. పెద్ద ఉద్యోగం వచ్చాక అనుకుంది. పెద్ద ఉద్యోగం వచ్చాక ఇంకా పెద్దరోజు ఏదో వస్తుందనుకుంది.

ఈలోగా ఒకసారి, కొత్తగదిలో చేరిన కొన్నాళ్లకే, కంపెనీ గేటు దగ్గర బాబాయి ఎదురయ్యాడు. "తాగావా?" అన్నాడు, చెప్పులోకి దూరిన రాయిని దులుపుకుంటూ, అదేదో అంత ముఖ్యం కానట్టు.

ఇంకా తెరవలేదంటే నొచ్చుకుంటాడనిపించింది. "ఆ, తాగాను బాబాయ్. చాలా బాగుంది. ఏ వంకా లేదు" అంది.

"ఏ వంకా లేదా?"

"అస్సలు లేదు."

"ఓహో. సరే" అన్నాడాయన. చెప్పు వేసుకుని తన పీపాలగదికి వెళ్లిపోయాడు. ఎప్పటిలా మొహం వెలగలేదు. వయసు మీదపడి నడక నెమ్మదించింది కాబోలనుకుందామె. అంతటి ముక్కుకి ఆ క్షణాన ఏ వాసనా తగల్లేదు.

ఏళ్లు గడిచాయి. ముక్కుపిల్లను ఇప్పుడు అందరూ మేడమ్ అంటున్నారు. ఆమె సీసా మెడ వెలుగుకి పట్టి వంపుతుంటే అతిథులు ఊపిరి బిగబట్టి చూస్తారు. బాబాయి పని మానేశాడు. ఆయన తరవాత వచ్చినవాడు రెండు మూడేళ్లు ఏదో కలిపి, వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. బాబాయికి ఒకసారి గట్టిగా జ్వరం వచ్చి తగ్గింది, దాంతోపాటే ముక్కూ పోయింది. ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు.

ఆ రోజుల్లోనే పిన్ని ఆమెతో ఫోన్లో మాట్లాడుతూ, "వాసన సబ్బు కొన్నానే. గులాబీది" అంది. నవ్వుతుందనుకుంది ముక్కుపిల్ల. పిన్ని ఏడ్చింది. "స్నానం చేసొచ్చి ఎదురుగా కూర్చున్నా. ఒక్కమాట అనలేదే మీ బాబాయి."

తరవాత కొత్త మేనేజరు ఆమెను పిలిచాడు. "మన టానీలో పాత రుచి లేదంటున్నారు మేడమ్, అలవాటుపడ్డవాళ్లు. మీ బాబాయిగారి చేతిరుచి కావాలట. మీరు వింటేజ్ వదిలి టానీ నేర్చుకుంటారా? ఇక్కడ రెండోసారి ఎంచుకోవడం లేదని తెలుసు, కానీ మీరంటే ఒప్పుకుంటాం."

ఆమె ఆలోచించలేదు. "నేర్చుకుంటాను" అంది. ఆ మాట ఇరవై ఏళ్లుగా నోట్లోనే ఉన్నట్టు బయటికొచ్చింది. ఆయన రుచి ఇంకెక్కడా లేదు. టానీ గదిలో ఉండాల్సిన నమూనాలు ఎప్పుడో పారబోశారు. ఆయన ముక్కులో కూడా లేదు. ఉన్నదల్లా తన బీరువా అడుగున పడుకున్న సీసాలో. ఇంతకాలం తాగకపోవడమే మంచిదైంది అనుకుంది. దేవుడే ఆపాడనుకుంది. మనం చేసిన తెలివితక్కువ పనులన్నీ దేవుడి మీదికి తోయడం మనకి అలవాటే.

ఆదివారం పొద్దున బీరువా తెరిచి సీసా తీసింది. కింద పరిచిన గుడ్డ అట్టకట్టి సీసాకి అంటుకుపోయింది. చెక్కటోపీ పట్టుకుని లాగితే టోపీ చేతిలోకొచ్చింది, బిరడా పొడిపొడిగా లోపల రాలింది. వడకట్టి గ్లాసులో పోసింది. రంగు మురికినీళ్లలా ఉంది. వాసన చూసింది. తడిసిన అట్టపెట్టె, వెలిసిపోయిన బెల్లం, ఇంకేమీ లేదు. మరో గ్లాసు తీసి మళ్లీ పోసి చూసింది. మళ్లీ అదే.

అప్పుడు తెలిసింది. టానీ చెయ్యాల్సిన నిద్రంతా పీపాలోనే చేసేస్తుంది. సీసాలో పోశారంటే ఇక లేచి కూర్చుంది, తాగెయ్యమని అర్థం. దాన్ని నిలబెట్టి ఉంచాలి, పొట్టి బిరడా పడుకోబెట్టడానికి పెట్టింది కాదు. టానీ గదిలో సీసాలు తుడిచేవాడికి కూడా తెలిసిన సంగతి. వింటేజ్ నేర్చినవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని తప్పు ఆమె చేసింది. గౌరవంతో చేసింది. వంటింటి నేలమీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే బాబాయి ఇంటికి వెళ్లింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఇల్లంతా గులాబీ సబ్బు వాసన. పిన్ని బజారుకెళ్లింది.

"బాబాయ్, నువ్విచ్చిన సీసా" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. పడుకోబెట్టిన సంగతి, ఈ పొద్దున్న తీసిన సంగతి, గేటు దగ్గర అబద్ధం చెప్పిన సంగతి.

"అంటే నువ్వు తాగలేదా?" అన్నాడాయన.

"లేదు."

"అసలు నోట్లోనే పొయ్యలేదా?"

"లేదు బాబాయ్. తప్పైపోయింది."

ఆయన రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "నా పీపాలగదిలో మూలనుండే పాతపీపా గుర్తుందా నీకు? దాన్లోది చారెడు పడకపోతే నా టానీ టానీయే కాదు. ఆ సీసాలో అది వెయ్యలేదు నేను. కావాలనే మానేశా. నువ్వు తాగి, పరిగెత్తుకొచ్చి, ఏదో తగ్గింది బాబాయ్ అంటావని. అంటే అప్పుడడుగుదామనుకున్నా, నా గదికి వచ్చెయ్యమని. మేనేజర్ని నేనొప్పించేవాణ్ణి."

ఆమె ఆయన కుర్చీ దగ్గరికి జరిగింది.

"ఏ వంకా లేదన్నావు. సరే, పిల్ల ముక్కు దీనికి పనికిరాదు, అనవసరంగా ఆశపెట్టుకున్నా అనుకున్నా. ఇంకెవరికీ నేర్పబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ నీ ముక్కుని అనుమానించానే నేను." ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను క్షమించాలి నువ్వు."

"నువ్వెందుకు బాబాయ్ ఆ మాట అంటావు?" అందామె.

"ఆ పాతపీపా ఇప్పుడెక్కడుంది?" అని మళ్లీ ఆమే అడిగింది, జవాబు తెలిసినా.

"నేను పని మానేసిన ఏడాదే ఖాళీ చేశారు. దేన్లో కలిపారో కూడా తెలీదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన పెదవులు ఎండిపోయి ఉండటం చూసి ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. కళ్లు సరిగా కనపడటం లేదు. నిమ్మకాయ కోసి పిండింది, చక్కెర వేసి కలిపింది, గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

బాబాయి ఒక్క గుక్క తాగాడు. వాసన తెలియకపోయినా నాలుకకి తీపి, పులుపు, ఉప్పు ఇంకా తెలుస్తాయి.

"ఉప్పు వెయ్యలేదమ్మా నువ్వు" అన్నాడు.