డర్బన్ ఒడ్డున మా అమ్మ

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. హైదరాబాదు ఉప్పుగూడ నుంచి వెళ్లి డర్బన్‌లో బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఒక ఆదివారం అమ్మనూ భార్యాపిల్లలనూ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లాను. ఇసుకలో దుప్పటి పరుచుకుని, అమ్మ చేసిన సర్వపిండి తింటున్నాం.

వల లాగుతున్న జాలరి ఒకడు పరుగున వచ్చి, “లేవండమ్మా! ఇది తెల్లదొరల ఒడ్డు. మనది అల్లంత దూరాన ఉంది” అన్నాడు, తెలుగులో! అక్కడే పుట్టాడట, మన దేశం చూడనే లేదట. ఆ తెలుగు విన్న సంతోషం క్షణం కూడా నిలవలేదు.

“సముద్రం గూడ వాళ్ల జాగీరేనా? నేనైతే లేవ. ఏం జేస్కుంటరో జేస్కోమను” అంది అమ్మ.

అంతలో తెల్ల పోలీసు వచ్చి, సర్వపిండి డబ్బాను బూటుతో తన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. వాడి మీదికి వెళ్లబోతే జాలరి నా చెయ్యి పట్టుకున్నాడు. “వద్దు బాబూ, జైల్లో ఏస్తారు.”

అమ్మ లేచి, చీర ఎగదోపుకుని, మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది. “రమ్మను బిడ్డా! ఈడికొచ్చి లేపమను!”

బూట్లు తడుస్తాయని పోలీసు ఒడ్డునే ఆగిపోయాడు. మేమందరం అమ్మ వెనకే దిగాం. మనవాళ్ల ఒడ్డు వచ్చేదాకా నీళ్లలోనే నడిచాం. వాడు పళ్లు కొరుకుతూ ఇసుకలో మాతోపాటే నడిచాడు.