నాన్న అమ్మిన మర్నాడు

ఆ రోజుల్లో నేను కళ్ళు తెరుచుకుని ఉండగానే కలలు కనేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా నిద్ర తప్ప ఇంకేమీ రావడం లేదు గానీ, అప్పుడు కాస్త నీడా కాస్త గాలీ దొరికితే చాలు, ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. బీఈడీ అయిపోయి, నరసరావుపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో చేరబోతున్న వేసవి అది. నాదెండ్ల అవతల మా ఊరి కళ్ళాల్లో అందరి మొక్కజొన్నా ఆరబోసి ఉంది. మా రాశికి కాపలా నేను. వేపచెట్టు కింద నులకమంచం మీద పడుకుని ఆ పచ్చటి గింజల వంక చూస్తుంటే నాకు గింజలు కనిపించేవి కావు, నీలం రంగు స్కూటీ కనిపించేది. దాని మీద నేను, వెనక ఎగిరే చున్నీ, రోడ్డుకి రెండువైపులా పొలాలు, ఎంత దూరం పోయినా తరగని పొద్దుటిపూట. (కలలో ఎప్పుడూ పెట్రోలు పోయించాల్సిన అవసరం రాలేదు.)

ఆ స్కూటీ నేను ఊరికే ఊహించుకున్నది కాదు. "కోతలనాటి రేటు మళ్ళీ వచ్చిందంటే నీకు బండి కొంటా తల్లీ, ఆ ఆటోల్లో వేలాడుకుంటా ఎట్టా పోతావు?" అని నాన్నే మాటిచ్చాడు. ఇచ్చిన మర్నాటి నుంచి రేటు ఇంకా కిందికి జారుతూ పోయింది. పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో రేటు రావడం, ఊరంతా ఒక్కసారి నిట్టూర్చడం. ఇవాళ అమ్మితే రేపు పెరుగుతుందేమో, ఆగితే ఇంకా పడుతుందేమో అని ఒకరి రాశి వంక ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు.

ఇక్కడ మా నాన్న గురించి ఒక సంగతి చెప్పాలి. ఆయన ఏది అమ్మినా మర్నాడు దాని ధర పెరిగేది. మిరపకాయలు అమ్మాడు, పెరిగింది. పత్తి అమ్మాడు, పెరిగింది. ఒక ఏడు కందులు అమ్మి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేలోపే పెరిగిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. దాంతో మా ఊళ్ళో వాళ్ళు టీవీలో వార్తలు చూడటం మానేసి మా నాన్నను చూడటం మొదలుపెట్టారు.

ఆ ఏడు వాళ్ళకి ఓపిక అయిపోయింది. ఒక పొద్దున పెదనాన్న, ఆయన వెనక ఇంకో నలుగురు వచ్చి మా వసారాలో కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది. ఎవరూ అసలు మాట ఎత్తరు. చివరికి పెదనాన్నే గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఎప్పుడు అమ్ముతున్నావురా?"

"ఇంకా అనుకోలేదన్నా."

"అనుకోరా నాయనా! నువ్వు అమ్మితే గానీ ఆ రేటు లేవదు. ఊరంతా నీ మీదే ఆశ పెట్టుకున్నాం."

"అంటే ఏంది, మీరు బాగుపడ్డానికి నేను మునగాలా?" అన్నాడు నాన్న.

"కొత్తగా మునిగేదేముందిరా, నీకు అలవాటేగా!"

పెదనాన్న ఆ మాట ఎంత ప్రేమగా అన్నాడంటే, నాన్నకి కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక నాన్న ఖాళీ టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నా బుర్రలో స్కూటీ స్టార్టయింది. "నాన్నా, అమ్మినట్టు చేద్దాం" అన్నాను. బస్తాలు ట్రాక్టరుకెత్తి, అందరూ చూస్తుండగా ఊరు దాటించి, ముప్పాళ్ళలో పిన్నివాళ్ళ రేకుల షెడ్డులో దించేద్దాం. మర్నాడు ఎలాగూ ధర పెరుగుతుంది, అప్పుడు అసలు అమ్మకం పెట్టుకుందాం. (బీఈడీలో మాకు సైకాలజీ ఒక పేపరు. మొక్కజొన్న ధరకి కూడా సైకాలజీ ఉంటుందనుకున్నాను.) నాన్న నవ్వాడు గానీ వద్దనలేదు. ఆయనకీ ఒక్కసారి గెలిచి చూడాలని ఉంది, పాపం.

సాయంత్రపు ఎండలో ట్రాక్టరు కదిలింది. బస్తాల మీద నేనూ నాన్నా. పెదనాన్న రోడ్డు మీదకొచ్చి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "చల్లగా ఉండరా తమ్ముడూ!" నాన్న తల దించుకున్నాడు. నేను మాత్రం ముప్పాళ్ళ దాకా స్కూటీ తోలుతూనే ఉన్నాను.

మర్నాడు వ్యాపారి కాటా పట్టుకుని మా ఊరొస్తే ఒక్కరూ బస్తా కదపలేదు. "మా తమ్ముడు అమ్మేశాడయ్యా, రేపు రా, చూద్దాం" అని పెదనాన్న దర్జాగా పంపేశాడు. రేటు పెరగలేదు, ఇంకాస్త పడింది. రెండోరోజు మరికాస్త. పడమటివైపు మబ్బు కూడా పట్టింది. పెదనాన్న మా ఇంటికొచ్చి, కేకలేస్తాడనుకుంటే, గడప మీద కూలబడ్డాడు. "ఈసారి నీ చెయ్యి కూడా పని చెయ్యలేదేందిరా" అన్నాడు చిన్నగా. అలాంటి గొంతు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

ఆయన అలా వెళ్ళాడో లేదో, నాన్న చొక్కా వేసుకున్నాడు. "లే అమ్మాయ్, ముప్పాళ్ళ పోయి నిజంగా అమ్మేసొద్దాం."

"మరి స్కూటీ నాన్నా?"

"నేను అమ్మాననుకుని ఆగారు తల్లీ వాళ్ళు. ఇప్పుడు అమ్మితే పెరుగుద్దో లేదో నాకు తెలవదు. అమ్మకపోతే మాత్రం మా అన్న మొహం చూళ్ళేను."

నేను ఏడ్చాను. ఊరిని మోసం చేసినందుకని రాసుకుంటే బాగుంటుంది గానీ, ఏడ్చింది స్కూటీ కోసమే. ఆ మధ్యాహ్నం ఆ వేసవిలోకెల్లా తక్కువ ధరకి మా బస్తాలన్నీ కాటా ఎక్కాయి.

మర్నాడు రేటు పెరిగింది. ఆ మర్నాడు ఇంకా పెరిగింది. వారం తిరిగేసరికి కోతలనాటి రేటుకి వచ్చేసింది. నాన్న ఫోన్లో రెండుసార్లు చదువుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత పెదనాన్న దగ్గరికి పోయి షెడ్డు సంగతంతా ఒప్పేసుకున్నాడు. అంతా విని పెదనాన్న, "మరి ఆ రెండ్రోజులూ మమ్మల్ని ఎందుకు ఏడిపించావురా, మొదటిరోజే నిజంగా అమ్మొచ్చుగా!" అని తిట్టాడు.

ఆ తర్వాతి నెలలో మా వీధిలోకి స్కూటీ వచ్చింది. నీలం రంగుదే. నరసరావుపేటలోనే కంప్యూటర్ పని చేసే పెదనాన్న కూతురికి, అంటే మా అక్కకి. "ఇది మీ నాన్న చలవేనే, నువ్వూ దీని వెనకాలే పో" అంది పెద్దమ్మ. రెండేళ్ళు అలాగే వెళ్ళాను. అక్క బండి తోలుతూ పడిపోతామన్న భయంతో రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ పోయేది. చున్నీ ఎగరనిచ్చేది కాదు, చక్రంలో పడుతుందని నా నడుముకి ముడి వేయించేది. బండి అదే, రోడ్డు అదే, ఆ పొద్దుటిపూట పొలాలూ అవే. కలలో నేను ముందు కూర్చున్నాను, అంతే తేడా.

ఇప్పుడు నాకు సొంత బండి ఉంది. పెట్రోలు నేనే పోయించుకుంటాను, చూపు రోడ్డు మీదే పెట్టుకుని పోతాను. అక్క వెనక కూర్చున్న అప్పటి నాకు మాత్రం దారంతా కలలు కనడానికి తీరిక ఉండేది.