ఎడారిలో మంచుబండి నడిపించిన మా బావ

మొన్న శుక్రవారం పొద్దున మా బావ పోయాడు. నా భార్యకు సొంత అన్న, మా బిడ్డకు మేనమామ. టీ తాగి గ్లాసు కింద పెట్టాడట, ఆ తర్వాత మళ్ళీ చెయ్యి ఎత్తలేదట. కువైట్‌లో, హవల్లీలోని మా ఇంటికి ఫోను వచ్చేసరికే అంతా అయిపోయింది. కాగితాల పని ముగించుకొని ఆయన్ను విమానంలో జగిత్యాల వైపు పంపించి వచ్చాక, ఇంటికి పలకరింపుకు వచ్చిన వాళ్ళందరి నోటా ఒకటే మాట, "పాపం". పాపం, బతుకంతా అమ్ఘరా తుక్కు యార్డులోనే గడిచిపోయింది. పాపం, మంచు లేని దేశంలో మంచుబండి బాగుచేస్తూ కూర్చున్నాడు.

ఆ పాపం అన్న మాట నేను ఒప్పుకోను. నేను చదివింది ఏడో తరగతి, చేసింది బడి బస్సు డ్రైవరు పని. రాయడం చేతకాదు, అయినా రాస్తున్నాను. ఇందులో దుఃఖం కన్నా సంతోషం ఎక్కువ కనిపిస్తే, చావు జరిగిన ఇంట్లో ముసలాయన మురిసిపోతున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. మా బావను తలుచుకుంటే నాకు ఒళ్ళంతా సంతోషమే. దాన్ని దాచిపెట్టి ఏడుపు ముఖం పెట్టుకుంటే అది ఆయనకు చేసే అన్యాయం.

సన్నటి మనిషి. జేబులో ఎప్పుడూ ఒక గుడ్డముక్క ఉండేది. ఎవరితో చెయ్యి కలపాలన్నా ముందు ఆ గుడ్డతో తుడుచుకునేవాడు, స్నానం చేసి పండుగ భోజనానికి వచ్చినా సరే. ఊరి నుంచి ఎవరైనా ఫోను చేసి ఎట్లున్నవని అడిగితే బాగున్నానని ఏనాడూ అనలేదు. "నడుస్తున్న, ఆగలే" అనేవాడు.

కొన్నేళ్ళ కింద మా బిడ్డ ఊళ్ళో మెకానికల్ డిప్లొమా చేసి ఇక్కడ మా దగ్గరికి వచ్చింది. ఏ గ్యారేజీకి వెళ్ళినా, అమ్మా నువ్వు ముందు గదిలో కూర్చొని ఫోన్లు తీసుకో అన్నారు. ఇంజిను దగ్గరికి రానివ్వలేదు. ఒక సాయంత్రం మా ఇంట్లో అది అన్నం ముందు కూర్చొని మెతుకు ముట్టకపోతే, మా బావ చూసి అడిగాడు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు మామా. స్పానర్ పట్టుకున్న చెయ్యితోని ఫోన్ పట్టుకొమ్మంటున్నరు."

"తిను ముందుగాల. ఖాళీ కడుపుతోని నట్టు తిరుగది."

మర్నాడే తన కఫీల్ దగ్గరికి, అంటే ఇక్కడ తనను పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఆ కఫీల్‌కు అమ్ఘరాలో తుక్కు యార్డు, దాని పక్కనే గ్యారేజీ ఉన్నాయి; ఆ గ్యారేజీలో మా బావే పెద్ద మేస్త్రి. యార్డు మూలన ఒక పాత మంచుబండి దుమ్ము కొట్టుకొని పడి ఉండేది. ఎప్పుడో కఫీల్ తండ్రి చలిదేశం నుంచి ఓడలో తెప్పించిందట. ముందు పడవ కొనల్లా పైకి వంగిన రెండు పలకలు, కింద చక్రాలకు బదులు రబ్బరు పట్టా. చిన్నప్పుడు దాని మీద ఎక్కి కూర్చొని ఆడుకున్నాడు కాబట్టి కఫీల్‌కు దాని మీద ప్రాణం. చలికాలంలో ఎడారిలో గుడారం వేసినప్పుడు దాన్ని ఇసుకలో నడపాలని ఆయన కోరిక. ఎందరో మేస్త్రీలు చూసి, సామాను దొరకదని వదిలేశారు.

"నా మేనకోడలు చేస్తది," అన్నాడు మా బావ.

కఫీల్ నవ్వాడట. "బింత్?" అన్నాడట. ఆడపిల్లా అని. తర్వాత అన్నాడు, "నడిస్తే ఆమెకు నా గ్యారేజీలో పని. నడవకపోతే ఖలాస్, మళ్ళీ అడగొద్దు."

"నడవకపోతే ఆమె పనే కాదు, నా పని గూడ తీసెయ్," అన్నాడట మా బావ. ఆ సంగతి మాకు చెప్పలేదు. గ్యారేజీలో వాళ్ళు చెబితే నా భార్య లబలబలాడింది. "నీకేం పిచ్చా అన్నా?" అంటే, "నడుస్తది చెల్లె, టీ పొయ్యి" అన్నాడు.

ఇక సామాను వెతుకులాట. ఆ బండి తయారైన కంపెనీ ఎప్పుడో ఆ రకం ఆపేసింది. మా బావ పద్ధతి వేరు. బండి పేరు చెప్పి సామాను అడిగేవాడు కాదు, కొలత చెప్పి అడిగేవాడు. బెల్టు వెడల్పు ఇంత, పొడవు ఇంత అని ఇసుకలో నడిచే మోటారు బండ్ల దుకాణాలు తిరిగి సరిపోయేది తెచ్చాడు. నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు, అవే ఆయిల్ సీళ్ళు, పారేసిన వాషింగ్ మెషీన్లలో దొరికాయి. "దొరకదంటే ఇంకా వెతకలే అన్నట్టు" అనేవాడు. ఇనుప మూతల సందున పెట్టే ప్యాకింగ్ మాత్రం మా బిడ్డే చేసింది. మందపాటి కాగితాన్ని బండిలోని ఇనుప పెట్టె అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి టకటకా కొడుతూ పోతే కాగితం అదే ఆకారంలో తెగి వచ్చింది. నేను పక్కన నిలబడి చూస్తూ, నా బిడ్డ చెయ్యేనా ఇది అనుకున్నాను.

నేనూ ఒక పని వెలగబెట్టాను. మా బావ ఫోను చేసి, "బావా, వచ్చేటప్పుడు రెండు రుమ్మాన్ పట్టుకరా, మంచియి చూసి తే" అన్నాడు. జమియా దుకాణం నుంచి కూరగాయలు తెచ్చేది నేనే కాబట్టి రుమ్మాన్ అంటే దానిమ్మ అని నాకు బాగా తెలుసు. మంచివి ఏరి తెచ్చాను. గ్యారేజీలో బేరింగును కూడా రుమ్మాన్ అనే అంటారని నాకేం తెలుసు? మా బావ ఒక పండు చేతిలోకి తీసుకొని, చెవి దగ్గర పెట్టుకొని తిప్పాడు.

"గింజలు నిండుగనే ఉన్నయి బావా. గ్రీజు పెడ్తె తిరుగుతదంటవా?"

"నువ్వు బేరింగనే చెప్పచ్చు గద."

"బేరింగంటే నువ్వు ఉంగరం తెస్తవేమో అని భయపడ్డ."

ఆ పళ్ళు వలుచుకొని అందరం తిన్నాం. మా బిడ్డ ముక్కులోంచి రసం వచ్చేదాకా నవ్వింది.

బండి స్టార్టయింది. అసలు గండం అప్పుడే వచ్చింది. ఇంజిను బలం బెల్టు మీదుగా పక్కనున్న చిన్న ఇనుప పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టెలో నూనెలో మునిగి చైను తిరుగుతుంది, ఆ చైనే కింద పట్టాను తిప్పుతుంది. యార్డు వెనక ఇసుకలో కాసేపు నడిపి పెట్టె విప్పితే, నూనె తడిపిన సిమెంటులా ఉంది. పట్టా ఎగజిమ్మిన ఇసుకంతా లోపలికి పోయింది. అట్లాగే నడిపితే బేరింగులు అరిగి పొడైపోతాయి. కఫీల్ గుడారం వేసే రోజు దగ్గర పడింది.

మా బిడ్డ సీలును వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. "మామా, ఈ సీలు పెదవి, గీ రబ్బరు అంచు, లోపలి దిక్కున్నది. నూనె బయటికి పోకుంట కావలి కాస్తున్నది. మంచు దేశంల అది చాలు. ఈడ దొంగ బయట ఉన్నడు. ఇంకో సీలు తిరగేసి, పెదవి బయటికి పెడ్దాం. రెండిటి నడుమ గ్రీజు నింపుదాం."

"సీలు ఎవలన్న తిరగేసి పెడ్తరా? నలుగురు నవ్వుతరు బిడ్డా."

"నవ్వనియ్ మామా. ఇసుకల మంచుబండి నడిపేటోళ్ళను చూసి ఇప్పటికే నవ్వుతున్నరు గద."

మా బావ ఆమె ముఖం వంక చూశాడు. "గదీ మాట," అన్నాడు. లేచి వెళ్ళి రెండో సీలు కూర్చోవడానికి లేత్ మిషన్ మీద ఒక రింగు కోసుకొచ్చాడు.

గుడారాల దగ్గర ఆ రోజు కఫీల్ చుట్టాలంతా కార్పెట్ల మీద కూర్చొని ఉన్నారు. కఫీల్ మా బిడ్డనే నడపమన్నాడు. మా బిడ్డ స్టార్టు చేసే తాడు లాగింది, బండి కదిలింది, ఇసుక దిబ్బ ఎక్కి అవతల దిగిపోయింది. ఉన్నట్టుండి శబ్దం ఆగింది. మా బావ జేబులోంచి గుడ్డ తీసి, ఏమీ అంటని చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ శబ్దం, దిబ్బ మీద రెండు పలకల కొనలు, వాటి వెనక నా బిడ్డ తల.

"ఎందుకాపినవ్?" అని అడిగాను.

"పెట్టె వేడెక్కిందేమో చెయ్యి పెట్టి చూసిన బాపూ," అంది, కూర వేడి చూసినంత మామూలుగా.

కఫీల్ పెట్టె విప్పమన్నాడు. నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశాడు. ఇసుక రేణువు తగల్లేదు. "నదీఫ్," అన్నాడు. శుభ్రంగా ఉందని. మా బావ తన గుడ్డ ఆయన చేతికిచ్చాడు. కఫీల్ వేలు తుడుచుకుంటూ, "ఆదివారం నుంచి రమ్మను," అన్నాడు.

ఆ ఆదివారం పొద్దున మా బావ ఇంటికొచ్చాడు. మేనమామ బట్టలు పెట్టాలి కదా. కవరు విప్పితే గ్యారేజీ పనిలో వేసుకునే నీలం రంగు కవరాల్, మా బిడ్డ కొలతకు కుట్టించింది. కాలరు కొసకు పసుపు కూడా పెట్టాడు. మా చుట్టాల్లో ఒకావిడ చూసి, "ఆడివిల్లకు పెట్టే బట్టలేనా ఇవి?" అంది. "పట్టుచీర కట్టుకొని బండి కిందికి దూరితే చీర ఖరాబైతది చెల్లె," అన్నాడు మా బావ. ఆవిడకే కాదు, గోళ్ళలో గ్రీజున్న పిల్లను చూసి మూతి తిప్పే వాళ్ళందరికీ నాదీ అదే జవాబు. నా బిడ్డ గోళ్ళు చూసుకొని నేను మురుస్తాను. మీ పని మీరు చూసుకోండి.

అందుకే పాపం అనకండి. తనకు రావలసిన పేరును తన చెల్లెలి బిడ్డకు వచ్చేటట్టు చేసి, నడుస్తూ నడుస్తూ వెళ్ళిపోయాడు మా బావ. ఆయన చేతికి నా రెండు చేతులా దండం.

నిన్న మా బిడ్డను గ్యారేజీలో దింపడానికి వెళ్ళాను. అది కవరాల్ వేసుకొని ఒక కారు కిందికి దూరింది. ఇంతలో ఒక పెద్దాయన, తెల్లటి పొడుగు అంగీ, దిష్దాషా, వేసుకున్న కువైటీ, తన బండిని గేటు లోపలికి తెచ్చి ఆపి, ఇంజిను నడుస్తుండగానే కిటికీలోంచి తల బయట పెట్టి, ఉస్తాద్ ఎక్కడ అని కేకేశాడు. ఇక్కడ పెద్ద మేస్త్రిని ఉస్తాద్ అంటారు. మా బావ పోయిన సంగతి ఆయనకు తెలియదు. పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత అందరూ కారు కింద కనబడుతున్న రెండు కాళ్ళ వైపు చూశారు.

మా బిడ్డ వీపు మీద జారుతూ బయటికి వచ్చి లేచి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అనా," అంది. నేనే అని. "ముందు ఇంజిన్ ఆపండి."

ఆయన మా బిడ్డను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ మా బిడ్డను చూశాడు. తర్వాత తాళం తిప్పి ఇంజిను ఆపాడు.