ఏడాది తిరగకముందే ఎక్కిన చెట్లు

మా ఆయన పోయిన ఏడో నెలలో పిల్లల్ని చెట్లెక్కించడానికి తీసుకుపోయాను. ఈ మాట చెబితే మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ ముక్కు మీద వేలేసుకుంటారు. వేసుకోనీ. వాళ్ళ ముక్కు, వాళ్ళ వేలు.

నిజానికి తీసుకుపోయింది నేను కాదు, మా తమ్ముడు. గిద్దలూరు దాటాక అడవి అంచున కొత్తగా ఒక పార్కు పెట్టారు. పెద్ద పెద్ద మద్దిచెట్లకు రెండు మిద్దెల ఎత్తున చెక్కలతో అరుగుల్లాంటివి కట్టి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు తాళ్ళ వంతెనలు వేశారు. పిల్లలు నడుముకు బెల్టు, నెత్తికి హెల్మెట్టు పెట్టుకుని వాటి మీద నడుస్తారు. ఆఖరి చెట్టు నుంచి ఇనప తీగకు వేలాడుతూ కిందికి జారిపోతారు. తమ్ముడు ఫోన్లో ఆ వీడియో చూపించి, "పిల్లోల మొగాలు చూసినావా అక్కా? నవ్వి ఎన్నాళ్ళయింది? ఆదివారం కారు తెస్తా, తయారుగా ఉండండి" అన్నాడు. వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమన్నా సరే అనేదాన్ని. కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా.

నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే బుగ్గ మొద్దుబారుతుంది చూడండి, తడుముకుంటే ఎవరి బుగ్గో తడిమినట్టు ఉంటుంది. నాకు ఒళ్ళంతా అట్లా ఉండేది. కర్మలు కాగానే మార్కాపురంలో మా స్టీలు సామాన్ల దుకాణం నేనే తెరిచాను. బిందెలు అమ్మాను, పెళ్ళివాళ్ళ గిన్నెల మీద పేర్లు కొట్టించి ఇచ్చాను. "ఎంత నిబ్బరం తల్లీ నీది" అని ఎదురుగా అన్నవాళ్ళున్నారు, "ఒక్క చుక్క రాల్చలేదు చూడు" అని వెనకాల అన్నవాళ్ళున్నారు. రెండు మాటలూ నాకు ఒకేలా వినిపించాయి.

బయల్దేరేటప్పుడు మా అత్త గడప దగ్గర కూర్చుని, "ఏడాదన్నా తిరగలేదు, షికార్లు కావాల్సొచ్చినాయా?" అంది.

"షికారేంది అత్తా, పిల్లోలకి కాస్త గాలి మార్పు" అన్నాడు తమ్ముడు.

పోయింది ఆమె కొడుకు. అననీ.

కంభంలో ఆగి దోసెలు తిన్నాం. ఎర్రకారం మండుతోందని పిల్లలిద్దరూ గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగారు. నేనూ అదే దోసె తిన్నాను, నాకు కారం తెలియలేదు.

పార్కులో బెల్టులు కట్టే ఆమెది పక్క పల్లెనట. మెడలో చిన్న శిలువ, చేతులు మహా చురుకు. "పెద్దదాన్ని ముందు పంపీండి అక్కా, చిన్నోడు చూసి నేర్చుకుంటాడు" అంది. మా అమ్మాయికి పదమూడేళ్ళు. గబగబా నిచ్చెనెక్కి మొదటి వంతెన దాటేసింది. దానికి అంత పొడుగు కాళ్ళు ఎప్పుడొచ్చాయో నేను చూసుకోనే లేదు.

పిల్లవాడి వంతు వచ్చింది. వాడికి పదేళ్ళు. బెల్టు కట్టించుకున్నాడు, హెల్మెట్టు పెట్టించుకున్నాడు, నిచ్చెన దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"నేనెక్కను."

"ఏందిరా, మామ పరువు తీస్తావా?" అన్నాడు తమ్ముడు. "మీ అక్కను చూడు, కోతి మాదిరి ఎట్ల పోతాందో!"

వాడు నిచ్చెన ముందే నిలబడ్డాడు. వెనకాల పిల్లలు వరస కట్టారు. ఎవరి తండ్రో "కాస్త జరగండమ్మా" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ ఏడు నెలల్లో నాలో సరిగ్గా పనిచేసింది కోపం ఒక్కటే, అది ఎక్కువగా వీడి మీదే పడేది. వీడు ట్యూషన్ మానేశాడు. ట్యూషన్ మా వీధిలోనే, మూడో అంతస్తులో. రోజూ సాయంత్రానికి కడుపునొప్పి. దుకాణంలో అటక మీది గిన్నెలు అందుకోరా అంటే దున్నపోతు మీద వాన పడ్డట్టు నిలబడేవాడు. తండ్రి ఉన్నప్పుడు అటక దిగమన్నా దిగని పిల్లవాడు. బద్ధకం నేర్చాడనుకున్నాను. రెండుసార్లు చెంప మీద కొట్టాను కూడా.

వాణ్ణి రెక్క పట్టుకుని పక్కకు తీసుకొచ్చాను.

"భయమా?"

"భయం కాదు."

"మరేంది?"

"ఏడాది కాలేదు గదా."

"దేనికిరా ఏడాది?"

ఇది కూడా తెలియదా అన్నట్టు నా వైపు చూశాడు. "నాయనకి. నేను ఎక్కగూడదు. నిప్పు పెట్టింది నేను గదా."

మా ఇళ్ళల్లో మనిషి పోతే ఆ ఏడాది కొండ ఎక్కరు. అంటే కొండ మీది దేవుళ్ళ దగ్గరికి వెళ్ళరు, అంతే. కర్మ చేసినవాడికి ఆ పట్టింపు మరీ ఎక్కువ. పదకొండో రోజు పంతులు కర్తను పీట మీద కూర్చోబెట్టి ఇవన్నీ వరసగా చెబుతాడు. మా ఇంట్లో కర్త పదేళ్ళవాడు. పంతులు వాడికే చెప్పాడు, వాడు బుద్ధిగా తలూపాడు. ఎంత ఎత్తుంటే కొండ అవుతుందో వాడికి ఎవరూ చెప్పలేదు. నాకు ఆ రోజు వాడు పీట మీద కూర్చున్నట్టు కూడా సరిగ్గా గుర్తులేదు.

"ఎక్కగూడనిది కొండరా. ఇది చెట్టు."

"అవ్వ అటక కూడా ఎక్కొద్దనింది. ఏడాది లోపల ఎక్కితే ఇంట్లో ఇంకోటి అవుతుందంట."

"ఇంకోటేంది?"

వాడు బెల్టు కొస చేతికి చుట్టుకుంటూ నేల చూశాడు. "ఇంకో చావు. నాయన అయిపోయినాడు. ఇంక నువ్వే గదా."

మా అత్త మీద కూడా కోపం రాలేదు. అటక మీంచి పడతాడని భయపెట్టి ఉంటుంది ముసలమ్మ. కానీ వీడు ఏడు నెలలు నేల మీదే నిలబడి నా ప్రాణానికి కాపలా కాశాడు. నేనేమో చెంపలు వాయించాను. అప్పుడైనా ఏడవాలి కదా మనిషన్నాక! రాలేదు. వాడి చేతికి చుట్టుకున్న బెల్టు కొస విప్పాను.

"నాకేం కాదు, ఎక్కు. కింద నీతోపాటే నడుస్తా. కావాలంటే చూసుకో."

"ఒట్టా?"

ఒట్టంటే తల మీద చెయ్యి పెట్టాలి. పెట్టబోతే హెల్మెట్టు అడ్డమొచ్చింది. దాని మీదే పెట్టాను.

వాడు ఎక్కాడు. ఒక్కో మెట్టూ ఎక్కి నన్ను చూసుకున్నాడు. మొదటి చెట్టు మీదికి చేరగానే పైనుంచి అరిచాడు.

"అమ్మా! బాగున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "వీడేందక్కా, దూరం ఊరి నుంచి ఫోన్ చేసినట్ల అడుగుతాడు?" అన్నాడు తమ్ముడు.

"బాగున్నా!" అని అరిచాను.

రెండో చెట్టు దగ్గరా అడిగాడు. నేను కింద ఎండుటాకుల్లో, రాళ్ళల్లో తల పైకెత్తుకుని వాడితోపాటు నడిచాను. వాడు మూడో వంతెన మధ్యలో ఉండగా నా చెప్పులో ముల్లు దిగింది. వంగి తీసుకుంటున్నాను, వాడు పిలిచింది వినలేదు. "అమ్మా!" అని రెండోసారి పిలిచాడు. ఆ పిలుపులో ఏముందో నేను రాయలేను. పైకి చూస్తే వాడు ఆగిపోయి ఉన్నాడు, తాడు ఊగుతోంది.

"ఉన్నాన్రా! ఇక్కడే ఉన్నా! బాగున్నా!"

అప్పుడు అడుగు వేశాడు. బాగున్నావా అనేది ఏడు నెలలుగా దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగిన మాటే. ఉన్నాంలే అని బేరంలో పడిపోయేదాన్ని. ఇక్కడ మాత్రం నేను చెబితేనే వాడి కాలు కదులుతోంది. అందుకని గట్టిగా చెప్పాను, చెట్టు చెట్టుకూ చెప్పాను. ఆరో చెట్టుకు నా గొంతు బొంగురుపోయింది.

ఆఖరిది ఎనిమిదో చెట్టు. అక్కడ బెల్టును ఇనప తీగకు తగిలించారు. వాళ్ళక్క అప్పటికే అవతలి చివర దిగి, "రారా! సూపరుగా ఉందిరా!" అని గంతులేస్తోంది. నేను సరిగ్గా వాడి కింద నిలబడి, గొంతు సవరించుకుని, తల పైకెత్తాను.

వాడు కిందికి చూడలేదు. తీగ వైపు చూశాడు, వాళ్ళక్క వైపు చూశాడు, చెక్కను కాలితో తన్ని వదిలేశాడు. నా నెత్తి మీదుగా కేకలు పెడుతూ, నవ్వుతూ పోయాడు. నన్ను అడగడం మర్చిపోయాడు.

నేను చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. వాడికి వినపడనంత దూరం పోయాడని చూసుకుని, "బాగాలేదురా" అన్నాను.