ట్రాక్టరుకు మేత

పోయిన వారం కళ్ళ డాక్టరుకు చూపించడానికి మా మనవరాలు నన్ను కారులో తిరుపతికి తీసుకుపోయింది. చంద్రగిరి దగ్గర ఒక బంకులో డీజిల్ కోసం ఆపింది. బంకు ముందు స్తంభం మీద ఎర్రటి అంకెలు వెలుగుతూ ఉంటాయి కదా, వాటిని గట్టిగా చదివాను. చదవడం నాకు అరవై దాటాక వచ్చింది. అందుకని కనిపించినదల్లా పైకి చదివే అలవాటు ఇంకా పోలేదు. బస్సు మీది రాతలు, మందుల పెట్టె, గోడ మీద ఎవరో ఎవరినో తిట్టి రాసినది, ఏదీ వదలను. "మెల్లగా అవ్వా, నువ్వు చదివితే తగ్గిస్తారా యేంది?" అంది మనవరాలు. "తగ్గించరులే. మళ్ళా పెంచినారని నీకు తెలవాల కదా" అన్నాను. ఇంతలో గొట్టం తీసి కారులో పెట్టారు, ఆ వాసన లోపలికి వచ్చింది. డీజిల్ వాసనకు కొందరు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం శనక్కాయ విత్తే రోజులు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎందుకు నవ్వుతున్నానో దారి పొడుగునా దానికి చెప్పాను. అది రోడ్డు చూసుకుంటూ సగమే విన్నట్టుంది, కాబట్టి ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

మా ఊరు చిత్తూరుకు కింది వైపు, తమిళనాడు సరిహద్దుకు దగ్గర. బోర్లలో నీళ్ళున్న వాళ్ళు చెరుకు వేస్తారు, లేని వాళ్ళం వానను నమ్ముకొని శనక్కాయ వేస్తాం. ఊళ్ళో ఉన్న ట్రాక్టరు ఒక్కటే. అది మా మరిదిది, అంటే మా ఆయన తమ్ముడిది. మనిషి మంచివాడే, మొండివాడు. ట్రాక్టరు కొన్న రోజు దాన్ని కాణిపాకం తీసుకుపోయి, పసుపు కుంకుమ పెట్టించి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చాడు. అది ఇంటికి వచ్చినప్పటి నుంచి పెళ్ళాం కంటే దాన్నే బాగా చూసుకుంటాడని మా తోడికోడలు అందరి దగ్గరా చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కోపమేమీ ఉండేది కాదు, ఎందుకంటే ఆ బండి వచ్చాకే ఊళ్ళో వాళ్ళు ఆమెను పేరు పెట్టి పిలవడం మానేసి ట్రాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. ఏటా ఉగాది నాడు రైతులంతా మా మరిది ఇంటి అరుగు మీద కూర్చొని, ఆ ఏడు దున్నేదానికి గంటకు ఎంత అన్నది మాట్లాడుకునేవారు. మాట కుదిరాక మరిది అందరికీ వక్కాకు ఇస్తాడు. వక్కాకు నోట్లో వేసుకున్నాక ఆ మాట మళ్ళీ ఉగాది దాకా కదలదు. కాగితం లేదు, సంతకం లేదు. ఎద్దులతో దున్నిన కాలం నుంచీ అదే పద్ధతి.

నేను చెప్పేది జనం ఇంకా ముక్కులకు గుడ్డలు కట్టుకొని తిరుగుతున్న ఏడాది సంగతి. ఉగాదికి మాట కుదిరింది, వక్కాకు నమిలారు, ఆ తరువాత డీజిల్ ధర ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా ఎక్కితే మనిషి ఒకసారి అరిచి ఊరుకుంటాడు. ఇది అలా కాదు. తెల్లవారితే కొన్ని పైసలు, మళ్ళీ తెల్లవారితే ఇంకొన్ని పైసలు, చీమలు చక్కెర మోసుకుపోయినట్టు. నేను అప్పటికి పేపరు కూడబలుక్కొని చదివే దాకా వచ్చాను. మరిది నాకంటే ఎక్కువ చదువుకున్నవాడే, కానీ కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. అందుకని పొద్దున్నే వచ్చి మా అరుగు మీద కూర్చొని "వదినా, ఈ పొద్దు ఎంత?" అనేవాడు. నేను ధర చెప్పి ఊరుకోకుండా, కింద రాసిన కారణాలు కూడా ఒక్కొక్క అక్షరమూ పట్టుకొని చదివేదాన్ని. అంతకు ముందు ఏడాది జనమంతా ఇళ్ళల్లో కూర్చుంటే డీజిల్ తీసే ముడి నూనె అడిగేవాళ్ళు లేక దాని ధర నేలకు పడిందట. అప్పుడు ఢిల్లీలో పన్ను పెంచారట. తరువాత బండ్లన్నీ మళ్ళీ రోడ్డెక్కితే, నూనె తోడే దేశాలు చేయి బిగించి కొంచెం కొంచెంగా వదిలాయట. మన రూపాయి డాలరు ముందర చిన్నదయిందట. ఢిల్లీ పన్ను మీద మన రాష్ట్రం పన్ను వేరే. ఎక్కించిన పన్ను మాత్రం అప్పటికి ఎవరూ దించలేదు. ఇంతా విని మరిది "అయితే తప్పు ఎవురిది వదినా?" అన్నాడు. "అందురూ పక్కోడి మీదికి చెయ్యి చూపిస్తా ఉండారు. నీ పేరు మాత్రం రాయలేదు, కాఫీ తాగు" అన్నాను.

ఆషాఢం వచ్చింది. ఇంటింటా ఆడవాళ్ళం కూర్చొని విత్తనం కాయలు ఒలిచిపెట్టాం. బొటనవేళ్ళు ఎర్రగా వాచిపోయాయి. ఒలిచిన విత్తనం నిలవ ఉండదు, పుచ్చిపోతుంది. ఒక సాయంత్రం మంచి వాన పడింది. మెట్ట నేలలో వాన పడ్డాక విత్తడానికి తగ్గ తడి, అదే పదును, రెండు రోజులుంటుంది, మబ్బు పట్టి ఉంటే మూడో రోజు. ఆ లోపల విత్తాలి, లేకపోతే ఆ ఏడాది లేనట్టే. తెల్లవారి ఊరంతా విత్తనం తట్టలు వాకిట్లో పెట్టుకొని ట్రాక్టరు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. చప్పుడు లేదు. ట్రాక్టరు మీద టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. గేరు పెట్టె చెడిపోయిందని మరిది అందరికీ చెప్పాడు. చుట్టుపక్కల ఊళ్ళ ట్రాక్టర్లు వాళ్ళ వాళ్ళ చేలల్లోనే ఊపిరాడకుండా తిరుగుతున్నాయి. ఎద్దులా, వాటిని ఎప్పుడో అమ్ముకున్నాం. సంగతేమిటో అందరికీ తెలుసు. పాత రేటుకు దున్నితే అతనికి నష్టం. రేటు పెంచమని అతను అడగడు, వక్కాకు ఇచ్చిన చేయి అది. మేమే పెంచి ఇస్తామని రైతులూ అనలేరు, అంటే అతని మాటను వాళ్ళే కొట్టేసినట్టు అవుతుంది. మగవాళ్ళంతా ఇలా మర్యాదకు పోయి కూర్చుంటే, పైన ఎండ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. మా ఆయన "వాడే వస్తాడులే" అన్నాడు. ఆయన ప్రతిదానికీ అలాగే అంటాడు. నేను లేచి మరిది ఇంటికి పోయాను.

పట్ట పక్కన కూర్చొని పానాలు తుడుచుకుంటున్నాడు. "ఏమబ్బా, పెట్టె బాగయిందా?" అన్నాను.

"సామాను రావాల వదినా. చిత్తూరులో దొరకలేదంట."

"నిన్న ఆ బండి మీదనే కదా సంతకు పొయ్యొచ్చినావు. పొయ్యేటప్పుడు బాగుండిన పెట్టె వచ్చేటప్పుడు యాడ చెడింది?"

లోపలి నుంచి తోడికోడలు పకపకా నవ్వింది. "ఇంకా గట్టిగా అడుగక్కా, నా మాట వినడు" అంది.

మరిది పానా కింద పెట్టాడు. "దున్నితే డీజిల్‌కే నా ఒళ్ళు కరిగిపోతాది. రేటు పెంచితే నా మాట పోతాది. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

నిజం చెప్పాలంటే, ఇంట్లో నుంచి బయలుదేరినప్పుడు నా దగ్గర తిట్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ పట్ట కింద కాళ్ళు ముడుచుకున్నట్టున్న బండిని చూస్తే మా మామ ఎద్దులు గుర్తొచ్చాయి. "మీ నాయన ఎద్దులు కట్టుకొని ఊరోళ్ళ చేన్లు దున్నేకి పోతే, ఆ పొద్దు ఎద్దులకు మేత ఎవరు పెట్టేది?" అన్నాను.

"చేను గలోళ్ళే. ఉలవలు గూడా వాళ్ళే ఉడకేసి పెట్టేది."

"వక్కాకు మాటలో మేత ఉండిందా?"

"మేత వేరే, మాట వేరే కదా" అన్నాడు. ట్రాక్టరుకు నోరు ఎక్కడుందో అప్పుడే కనిపించినట్టు దాని వైపు కాసేపు చూశాడు. "ఊరోళ్ళు ఒప్పుకుంటారా వదినా?"

"ఒప్పుకోకపోతే తట్టల్లో విత్తనం వేంచుకొని తింటారు. నేను అడిగొస్తా, నువ్వు పట్ట తియ్యి."

ఒప్పుకోకపోవడమా! గడప గడపకూ పోయి చెప్తే, ఎవరి ముఖం చూసినా ముల్లు తీసినట్టయింది. రేటు కదలలేదు, వక్కాకు చెడలేదు, మేత మాత్రం చేను గలవాళ్ళది. కుర్రకారు బండ్లు వేసుకొని సరిహద్దు అవతలి బంకుకు పోయారు. రోడ్డు మీద గీత దాటితే పన్ను మారుతుంది, పన్ను మారితే ధర తగ్గుతుంది, మా వైపు ఇది చిన్నపిల్లలకూ తెలుసు. మిగిలినవాళ్ళు క్యాన్లు, టిన్నులు, ఏది దొరికితే అది పట్టుకొని మా వైపు బంకుకే పరుగెత్తారు. మా ఎదురింటి వదిన తొందరలో పాలసెంటరుకు పోసే క్యాను ఇచ్చి పంపింది. తరువాత దాన్ని చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, ఎండలో బోర్లించింది. అయినా పాలసెంటరు వాళ్ళు మూత తీసి వాసన చూసి ఆ పాలు వెనక్కి పంపారు. "నీ ట్రాక్టరు మేతలో మన్ను పొయ్య" అని నన్ను తిట్టి, ఆ పాలు పారబోయడానికి మనసొప్పక తోడు పెట్టింది. ఆ పెరుగును వాళ్ళ కుక్క కూడా ముట్టలేదు. పై వీధి ముసలి రైతు ఒకాయన ఎద్దులకు పెట్టినట్టే ట్యాంకు మూతకు కుంకుమ బొట్టు పెట్టి, డ్రైవరు సీటు మీద ఇంత బెల్లం ముక్క ఉంచాడు. మరిది దాన్ని నోట్లో వేసుకొని "ఇది ఎవురి మేతప్పా, నాదా దానిదా?" అన్నాడు. అప్పుడు ఊరంతా నవ్వింది. వాన పడినప్పటి నుంచి బిగబట్టిన నవ్వు అది.

రెండు రోజులు ట్రాక్టరు ఆగలేదు. ముందు సాలు తీస్తూ అది పోతుంటే, వెనకాల మేము విత్తనం వదులుకుంటూ నడిచాం. అందరినీ అడిగి వచ్చినదాన్ని నేనే, ముందు మాదే అనలేను కాబట్టి మా చేను చివర పెట్టుకోవాల్సి వచ్చింది. అది గుట్ట పక్కన ఎత్తు మీద ఉంటుంది, నీళ్ళు త్వరగా దిగిపోతాయి. మా వంతు వచ్చేసరికి గట్ల వెంబడి నేల తెల్లబడింది. మా ఆయన మన్ను పిడికిట్లోకి తీసుకొని, అది ముద్ద కాక రాలిపోతే చేతులు దులుపుకున్నాడు. మధ్యలో మాత్రం పదును ఉంది. పొద్దు గుంకేలోపల చివరి సాలు కప్పాం. వారం దాటాక పోయి చూస్తే, చేను నడుమ పచ్చగా మొలకలు, గట్ల దగ్గర బోడిగా నేల. మా ఆయన ఆ బోడి జాగా చూస్తూ నిలబడితే, నేను మొలకలు చూస్తూ నిలబడ్డాను. ఆ ఏడాది కాయలు తక్కువే, కానీ నూనెకూ విత్తనానికీ సరిపోయాయి. అంతకంటే నేనేమీ అడగలేదు.

ఇప్పుడు ఉగాదికి వక్కాకు ఇచ్చేటప్పుడు "మేత మీది" అని మరిది ముందే అనేస్తాడు. డీజిల్ ఎక్కినప్పుడల్లా పేపర్లో కొత్త కారణాలు రాస్తారు, నేను అవీ చదువుతాను. ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది, రేపు దాన్ని తోసి ఇంకొకటి వస్తుంది, నేనూ పోతాను. వాన పడ్డాక నేల మనిషికి ఇచ్చే గడువు మాత్రం మా మామ కాలంలో ఎంతో ఈ పొద్దూ అంతే.