గోతి మధ్యలో దిమ్మ

మా మేస్త్రి పోయాడు. మొన్న ఆదివారం పొద్దున కబురు తెచ్చిన కొడుకు సైకిల్ కూడా దిగలేదు. ఒక కాలు మా అరుగు మీద ఆనించి, "నాయన తెల్లారుజామున పోయాడండీ. పోయేముందు మిమ్మల్ని రమ్మన్నాడు. టేపు తెచ్చుకోమన్నాడు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మేకుకి వేలాడుతున్న తోలుపెట్టె టేపు తీసి భుజాన వేసుకుని సైకిల్ వెనకాలే నడిచాను.

అతన్ని పొగడటానికి ఈ నాలుగు ముక్కలూ రాయడం లేదు. బతికుండగా పొగిడితే చేతిలో పార విసిరేసేవాడు. కానీ నందిగామలో కొత్త కాలనీల్లో ఉండే మీలో చాలామంది అతను తవ్విన పునాదుల మీదే కాపురాలు చేస్తున్నారు. గోడ పగిలితే తాపీమేస్త్రిని తిడతారు, పగలకపోతే ఎవర్నీ తలుచుకోరు. ఒక్కసారి తలుచుకుంటారని రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది చివరికి మీకే తెలుస్తుంది.

డెబ్బైల మొదట్లో నేను డిప్లొమా కాగితం చేత్తో పట్టుకుని ఒక కాంట్రాక్టరు దగ్గర ఓవర్సీరుగా చేరాను. తవ్వకం పనంతా మేస్త్రి ముఠాది. ఆలుమగలు జంటలుగా పనిచేసేవాళ్లు. మగవాడు తవ్వితే ఆడమనిషి తట్ట మోసేది. మొదటిరోజు నేను గోతి ఒడ్డున నిలబడి నోట్‌బుక్ తెరిచాను. మేస్త్రి పైకి చూసి, "బూట్లిప్పి దిగండి బాబూ. నేలని కాలు చూడాల" అన్నాడు. సిగ్గేసి దిగాను. మధ్యాహ్నం దాకా ఎక్కనివ్వలేదు. ఆ రోజు నుంచి ముఠాలో నా పేరు కాయితాల బాబు.

పనులు జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా పడేవి. ఈ ముప్పై కిలోమీటర్లలో నేల ఎన్ని వేషాలు వేస్తుందో నాకు నేర్పింది అతనే. పేట వైపు జానెడు మట్టి తీస్తే సున్నపురాయి తగిలేది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. మునేరు పక్కన ఇసక కలిసిన నేల, ఎంత తవ్వితే అంత జారేది. నందిగామలో నల్లరేగడి. దాన్ని నీళ్లతో తడిపి తాడులా పేనేవాడు. ఆ తాడు తెగకుండా వేలికి చుట్టుకుంటే మొహం మాడ్చుకునేవాడు. "ఇది ఇల్లు మోయదు. కింద గట్టి మొరం తగిలేదాకా దిగాల్సిందే" అనేవాడు.

"సున్నపురాయి మావ లాంటిది బాబూ, మొకం మీదే కాదంటాది. ఇసక నేల చుట్టం, నిలబడమన్నా నిలబడదు. నల్లరేగడి అత్త. నవ్వతానే ఉంటాది, ఎప్పుడు మీద పడతాదో తెలవదు."

అడుగున తట్ట నింపుకుంటున్న అతని భార్య తలెత్తకుండానే, "నన్ను కన్నతల్లిని అంత మాటంటావేందయ్యా" అనేది. గోతిలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. మేస్త్రికి ఎదురు చెప్పగల మనిషి ఆవిడొక్కతే. నాకు దాహమేస్తే అడగకుండానే మజ్జిగ ముంత అందించేది. ఎన్నిసార్లు తాగానో, ఒక్కసారి కూడా బాగుందని చెప్పలేదు.

ఇక దిమ్మ సంగతి చెప్పాలి. పెద్ద గొయ్యి తవ్వేటప్పుడు నడిమధ్యలో కొంత నేలని ముట్టుకోకుండా స్తంభంలా వదిలేస్తారు. చుట్టూ మట్టి దిగుతున్న కొద్దీ అది పొడుగవుతుంది. దాని నెత్తిన పాత గడ్డి పచ్చగా అలాగే ఉండాలి. గడ్డి ఉందంటే అసలు నేలమట్టం అదేనని, దిమ్మ ఎత్తు ఎంతో తవ్వకం అంతని లెక్క. ఓవర్సీరు వచ్చి కొలిచాకే దాన్ని కూల్చాలి. అంతకుముందు ఎవరైనా చెయ్యి వేస్తే మొత్తం తవ్వకం మీదే అనుమానం. ఎండాకాలంలో గోతిలో నీడంటే ఆ దిమ్మ నీడే. మధ్యాహ్నం ఆడవాళ్లు దాని పక్కనే కూర్చుని అన్నం మూటలు విప్పేవాళ్లు.

నేను చేరిన రెండో ఏడు వేసవిలో నందిగామ మార్కెట్ వెనక కొత్త కాలనీకి నీళ్ల తొట్టె తవ్వుతున్నారు. నల్లరేగడి. తొమ్మిదడుగులు దిగారు. దిమ్మ నిలబడి ఉంది. నేను రేపు కొలుస్తా, ఎల్లుండి కొలుస్తా అంటూ ఐదు రోజులు గడిపాను. పని ఏమీ లేదు, బద్ధకం. ఆరో రోజు తెల్లవారుజామున అకాల వాన పడింది.

ఆ పొద్దున నేను బస్టాండులో ఉన్నాను. కంచికచర్లలో పెళ్లిచూపులు. కొత్తగా కుట్టించిన తెల్ల ప్యాంటు. మేస్త్రి మోకాళ్ల దాకా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బాబూ, దిమ్మ బీటలిచ్చింది. వచ్చి కొలుచుకోండి, పడగొట్టేస్తాం. బస్సుకింకా టైముందిగా."

"ఈ బట్టలతో గోతిలోకా? రేపొస్తాలే."

"పోనీ, మేవే పడగొట్టమంటారా?"

"నేను కొలవకుండా ముట్టుకుంటే ఒప్పుకోను మేస్త్రీ. పనంతా మళ్లీ చూడాల్సొస్తుంది."

అతను నా మొహం చూడలేదు. ప్యాంటు వైపు చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం నేను బస్సు దిగేసరికి సోడా బండి వాడు చెప్పాడు. మధ్యాహ్నం ఎండ కాసింది. దిమ్మ దగ్గరికి పోవద్దని మేస్త్రి అందరికీ చెప్పి, గడ్డపారల కోసం పైకెక్కాడు. కొత్తగా ముఠాలో చేరిన ఒక చంటిబిడ్డ తల్లి ఆ మాట చెవిన పడక ఆ నీడలోనే కూర్చుంది. ఆ తల్లిని లాగడానికి మేస్త్రి భార్య వెళ్లింది. లాగింది కూడా. దిమ్మ మాత్రం ఆవిడ మీద విరుచుకుపడింది.

నేను వెళ్లేటప్పటికి ఆవిడని ఒడ్డున గోనెసంచుల మీద పడుకోబెట్టారు. ఎవరో మొహం కడిగారు, చెవుల్లో మట్టి అలాగే ఉంది. మేస్త్రి ఏడవడం లేదు. నన్ను చూసి లేచాడు.

"వచ్చావా? దిగి కొలువు."

అంతవరకూ ఎప్పుడూ మీరు అనేవాడు.

తెల్ల ప్యాంటుతోనే దిగాను. దిమ్మ లేదు కాబట్టి గోతి గోడకి టేపు ఆనించి నాలుగు మూలలా కొలిచాను. తొమ్మిదడుగుల రెండంగుళాలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అలా గోడకే ఆనించి ఐదు రోజుల కిందట కొలిచి ఉండొచ్చు. దిమ్మ అవసరమే లేదు. అది నాకు తెలుసు, మేస్త్రికీ తెలుసు. పద్ధతి పద్ధతే అని నాకు ఎవరో నేర్పారు, నేను వాళ్లకి నేర్పాను.

మర్నాడు విచారణకి వచ్చినవాళ్లు అడిగితే కాంట్రాక్టరు, "కూలీలే దిమ్మ అడుగున తవ్వేశారండీ" అన్నాడు. నా వైపు తిరిగారు. నేను అవునన్నాను. ఐదడుగుల దూరంలో మేస్త్రి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి వింటున్నాడు. నా మాట కాగితం మీదికెక్కింది. కింద సంతకం పెట్టాను. ఆ నెలలోనే పెళ్లి కుదిరింది. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. ఇది అచ్చయ్యాక చదువుతుంది.

జంట లేని మనిషికి ఆ పనిలో చోటు లేదు. తట్ట మోసే తోడు లేక మేస్త్రి తనే తవ్వేవాడు, తనే నింపుకునేవాడు, తనే ఎత్తుకుని గట్టెక్కేవాడు. సగం పని కూడా తెమిలేది కాదు. కాంట్రాక్టరు రెండు నెలలు చూసి పొమ్మన్నాడు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. మూడేళ్లకి నేను వేరేచోట చేరి, పేట వైపు క్వార్టర్ల పని చూస్తున్నప్పుడు సిగ్గు విడిచి అతని గుడిసెకి వెళ్లి ముఠా నడిపే మేస్త్రిగా రమ్మన్నాను.

"వస్తా. రోజూ పొద్దుగూకే ముందు నువ్వు గోతిలో దిగి కొలవాల. వానైనా, జొరమైనా" అన్నాడు.

ఒప్పుకున్నాను. పదేళ్లు కొలిచాను. ఒకసారి మలేరియాతో మంచం పట్టి రాలేకపోతే రిక్షా పంపాడు. దుప్పటి కప్పుకుని వణుకుతూ గోతిలో దిగాను. నాలుగడుగులు అని చెప్పేదాకా ఒడ్డున కదలకుండా నిలబడ్డాడు. నేను కొలవగానే దిమ్మని తన చేత్తోనే కూల్చేవాడు. ఒక రాత్రి కూడా ఏ దిమ్మనీ నిలవనివ్వలేదు. అతని కింద ఇంకెవరికీ గోరు కూడా ఊడలేదు. నాకు పనిమంతుడినన్న పేరొచ్చింది. ఆ పేరు అతను పెట్టిన భిక్ష. అందుకు కృతజ్ఞుణ్ని, అతన్ని చూస్తే వణుకూ ఉండేది, ఆ రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఒక్కసారి ప్రయత్నించాను. గోతిలోంచే, "మేస్త్రీ, ఆ రోజు నేను..." అన్నాను.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"ఆరున్నర."

"అది చెప్పు చాలు."

ఆదివారం నాడు గొయ్యి అతని భార్య సమాధి పక్కనే తవ్వారు. అదీ నల్లరేగడే. ముఠా అంతా చుట్టూ నిలబడి ఉంది, ఒడ్డున పాడె దించి ఉంది. వంగి చూశాను. గోతి నడిమధ్యలో మూరెడు వెడల్పున దిమ్మ వదిలారు. నెత్తిన గడ్డి పచ్చగా ఉంది. మనిషిని పడుకోబెట్టాల్సిన చోట అది నిలబడి ఉంది.

కొడుకు గడ్డపార నా చేతికిచ్చాడు. "మీరు కొలిచి, మీ చేత్తోనే పడగొట్టాలంటండీ. అప్పటిదాకా దించొద్దన్నాడు."

చెప్పులు విప్పి దిగాను. టేపు లాగి కొలిచాను. పైన అన్ని మొహాలూ ఉన్నాయి. ఆ రోజు మేస్త్రి భార్య లాగి పక్కకి తోసిన చంటిబిడ్డ తల్లి కూడా ఉంది, ఇప్పుడు ఆమె పక్కన ఎదిగిన కూతురుంది. పదమూడేళ్లుగా దాచింది చెప్పేశాను.

"వాళ్లెవరూ అడుగున తవ్వలేదు. పడగొడతామని మేస్త్రి వచ్చి అడిగాడు. నేనే వద్దన్నాను. నా ప్యాంటు పాడవుతుందని రాలేదు."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. కొడుకు పాడె కర్ర మీద చెయ్యి వేసి, తండ్రి గొంతుతోనే అడిగాడు.

"తెలుసండీ. ఎంతొచ్చింది?"

"ఐదడుగుల మూడంగుళాలు."

గడ్డపారతో నాలుగు పోట్లు వేసేసరికి దిమ్మ కూలింది. మట్టిని వాళ్లు తట్టలతో ఎత్తేశారు. నన్ను చెయ్యి పట్టి పైకి లాగారు, అతన్ని దించారు. అందరితో పాటు నేనూ మూడు గుప్పిళ్లు మట్టి వేయాలని వంగితే, ఎడం చేతిలో, దిమ్మ కూలినప్పుడు పట్టుకున్న దాని నెత్తిన గడ్డి పెళ్ల ఉందని అప్పుడు చూసుకున్నాను. వేళ్లలో ఇంకా తడిగా ఉంది. దాన్నెక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు.